పాఠకుల ప్రశ్నలు: పెట్టెలో దొరికిన ఆప్రాన్, గోషామహల్ బారాదరి, ఇంకొన్ని ఫ్రీమేసన్ సందేహాలు

ప్రశ్న: మా ముత్తాతగారి ట్రంకు పెట్టెలో నీలం అంచున్న తెల్లటి తోలు ఆప్రాన్, ఒక సర్టిఫికెట్ దొరికాయి. సర్టిఫికెట్ మీద ఏ.ఎల్. 5911 అనీ, లాడ్జి నంబరు పక్కన ఈ.సి. అనీ ఉంది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేశారు. దీన్నిబట్టి ఆయన గురించి ఏమైనా తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చాలానే తెలుసుకోవచ్చు. మీ ముత్తాతగారు ఫ్రీమేసన్, అంటే తమవైన క్రతువులు పాటించే ఒక సోదర సంఘంలో సభ్యుడు. ఆ సంఘపు స్థానిక శాఖనే లాడ్జి అంటారు. ముందు ఆ ఏ.ఎల్. సంవత్సరం తేల్చుకోండి. సృష్టిలో వెలుగు పుట్టినప్పటి నుంచి అని చెప్పుకునే మేసన్ల లెక్క అది. అందులోంచి 4000 తీసేస్తే మామూలు సంవత్సరం వస్తుంది, అంటే మీది 1911. ఈ.సి. అంటే ఆ లాడ్జి ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జ్ (లాడ్జిలన్నిటి పైనుండే కేంద్ర సంస్థ) ఇచ్చిన చార్టర్‌తో, అంటే అనుమతి పత్రంతో, నడిచిందని అర్థం. ఎస్.సి. అని ఉంటే స్కాట్లండ్, ఐ.సి. అని ఉంటే ఐర్లండ్. ఈ రెండక్షరాలు చూడకుండా వెతుకులాట మొదలుపెడితే తప్పు దేశపు రికార్డుల్లో నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఆప్రాన్ మీద గుడ్డతో కుట్టిన గుండ్రటి పువ్వులు ఎన్నో లెక్కపెట్టండి. మేసన్లకు మూడు డిగ్రీలు, అంటే మెట్లు. ఇంగ్లిష్ పద్ధతిలో మొదటి డిగ్రీకి ఏ అలంకారమూ లేని తెల్ల ఆప్రాన్, రెండో డిగ్రీకి 2 పువ్వులు, మూడోదానికి 3 పువ్వులు, లేత నీలం అంచు, ఇరువైపులా వేలాడే వెండి గొలుసులు ఉంటాయి. పువ్వుల చోట తిరగేసిన ‘టి’ ఆకారపు వెండి బిళ్లలు ఉంటే ఆయన లాడ్జికి మాస్టర్‌గా, అంటే అధ్యక్షుడిగా, కూడా చేశారన్నమాట. స్కాటిష్ లాడ్జిలకు ఈ కొలత వర్తించదు. అక్కడ రంగులు ఏ లాడ్జికి ఆ లాడ్జి ఎంచుకుంటుంది, పై మడత గుండ్రంగా ఉంటుంది. ఆప్రాన్‌ని ఉతకొద్దు, తడి గుడ్డతో తుడవను కూడా వద్దు. గొర్రెపిల్ల తోలు తడిసి ఆరితే గట్టిపడి ముడుచుకుపోతుంది.

ఇక రికార్డులు. ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జ్ సభ్యత్వ రిజిస్టర్లు 1751 నుంచి 1921 దాకా వంశవృక్షాలు వెతికే ఆన్‌సెస్ట్రీ సైట్‌లో ఉన్నాయి, ఇండియా లాడ్జిలవి కూడా. వయసు, ఊరు, వృత్తి, మూడు డిగ్రీలూ తీసుకున్న తేదీలు అందులో దొరకవచ్చు. మనవాళ్లకు చిక్కంతా పేరు దగ్గరే. ఇక్కణ్ణుంచి వెళ్లిన జాబితాలను లండన్ గుమాస్తాలు చేత్తో ఎక్కించుకున్నారు. ఇంటిపేరు ముందా వెనకా, ‘రావు’ ఇంటిపేరా కాదా అన్నది వాళ్లకేం తెలుసు? పైగా ఆ చేతిరాత చదివి సూచిక తయారు చేసినవాళ్లు ఇంకో పొరపాటు కలిపి ఉంటారు. కాబట్టి పేరుతో వెతికి దొరకలేదని వదిలేయకండి. లాడ్జి నంబరు పట్టుకుని ఆ లాడ్జి పేజీలు ఒక్కొక్కటీ తిరగేయండి.

నంబరుతోనూ ఒక జాగ్రత్త ఉంది. ఇంగ్లండ్‌లో లాడ్జిల నంబర్లు 1814లో, 1832లో, 1863లో మొత్తంగా మార్చారు. అంతకు ముందు కూడా చాలాసార్లు మారాయి. 1863 తర్వాతివి మాత్రం స్థిరంగా ఉన్నాయి కనుక 1911 నంబరుతో మీకు ఇబ్బంది లేదు. అంతకన్నా పాత కాగితం దొరికినవాళ్లు జాన్ లేన్ కూర్చిన లాడ్జిల జాబితా చూడాలి. 1717 నుంచి 1894 వరకు ఏ లాడ్జికి ఎప్పుడు ఏ నంబరు ఉందో, ఎక్కడ కూడిందో, ఎప్పుడు రద్దయిందో అందులో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఉచితం.

ప్రశ్న: ఫ్రీమేసన్రీ బైబిల్లోని సొలొమోను దేవాలయం కట్టినప్పుడే పుట్టిందని ఒకచోట, 1717లో లండన్‌లో పుట్టిందని మరోచోట చదివాను. ఏది నిజం?
– ఒక చరిత్ర విద్యార్థి, వరంగల్

జవాబు: సొలొమోను కథ వాళ్ల క్రతువుకు సంబంధించింది, చరిత్ర కాదు. 1717 కూడా అనుకున్నంత గట్టి తేదీ కాదు. ఆ ఏడాది జూన్ 24న నాలుగు లండన్ లాడ్జిలు సెయింట్ పాల్స్ చర్చి దగ్గరున్న గూస్ అండ్ గ్రిడైరన్ అనే సారాయి అంగడిలో కూడి, ఆంటొనీ సేయర్‌ను గ్రాండ్ మాస్టర్‌గా ఎన్నుకున్నాయన్నది వాడుకలో ఉన్న కథ. ఆ వివరమంతా జేమ్స్ ఆండర్సన్ 1738లో, అంటే 21 ఏళ్ల తర్వాత, అచ్చువేసిన మేసన్ నిబంధనల పుస్తకం రెండో కూర్పులో వస్తుంది. 1723 నాటి మొదటి కూర్పులో ఆ సమావేశం ఊసు లేదు. అందుకే గ్రాండ్ లాడ్జ్ నిజంగా ఏర్పడింది 1721లో కావచ్చని వాదించే చరిత్రకారులున్నారు.

నా మట్టుకు అసలు ఆసక్తికరమైన భాగం స్కాట్లండ్‌లో ఉంది. రాజు తరఫున కట్టడాల పని చూసే విలియం షా 1598, 1599లో రాళ్లు చెక్కే మేస్త్రీల లాడ్జిలకు రాతపూర్వక నియమాలు పెట్టాడు. ఎడిన్‌బరోలోని మేరీస్ చాపెల్ లాడ్జి మినిట్స్ (సమావేశాల నమోదు పుస్తకాలు) 1599 నుంచి ఉన్నాయి. లండన్ కన్నా నూరేళ్లకు పైగా పాత కాగితం అది. తర్వాతి కాలంలో రాయి ముట్టని పెద్దమనుషులూ లాడ్జిల్లో చేరసాగారు. ఇంగ్లండ్ పండితుడు ఇలియాస్ ఆష్మోల్ తాను 1646లో వారింగ్టన్‌లో చేరినట్టు డైరీలో రాసుకున్నాడు. ఇదంతా ఒక్క రోజు పుట్టింది కాదు. లండన్ చేసిందల్లా చార్టర్లు ఇచ్చే కేంద్రాన్ని ఏర్పరచడం. ఐర్లండ్ 1725కల్లా, స్కాట్లండ్ 1736లో తమ తమ గ్రాండ్ లాడ్జ్‌లు పెట్టుకున్నాయి. లండన్‌లోనే 1751లో ‘ఏన్షెంట్స్’ అని పోటీ గ్రాండ్ లాడ్జ్ లేచింది. ఆ తగవు 1813 డిసెంబర్ 27న విలీనంతో గానీ తీరలేదు. మద్రాసులో మాత్రం ఆ రెండు పక్షాలూ 1780లలోనే రాజీపడ్డాయి. 1786 నాటి పర్ఫెక్ట్ యునానిమిటీ లాడ్జి పేరులోని ఏకాభిప్రాయం ఆ రాజీదే.

ప్రశ్న: భారతీయులను మొదట్లో చేర్చుకునేవారు కాదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మన దేశంలో మొదటి లాడ్జి 1730లో కలకత్తా ఫోర్ట్ విలియంలో, మద్రాసులో 1752లో, బొంబాయిలో 1758లో వెలిశాయి. అవన్నీ కంపెనీ ఉద్యోగుల కోసం, సైనికుల కోసం. రెజిమెంటుతో పాటు ఊరూరా కదిలే చార్టర్‌ను ఐర్లండ్ 1732లోనే మొదలుపెట్టింది. దండు కదిలితే లాడ్జీ కదిలేది, ఒక్కోసారి పుస్తకాలు దారిలోనే పోయేవి. కంటోన్మెంటు లాడ్జిల చరిత్రలో ఖాళీలు కనిపించడానికి ఒక కారణం ఇది.

చేరిన తొలి భారతీయుడిగా చెప్పుకునేది ఆర్కాటు నవాబు పెద్దకొడుకు ఉమ్దత్-ఉల్-ఉమ్రాను, 1775 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో. మీ నెల్లూరు అప్పుడు ఆ నవాబుల ఏలుబడిలోదే. లండన్ గ్రాండ్ లాడ్జ్ ఆయనకు ఆప్రాన్, నిబంధనల పుస్తకం కానుకగా పంపింది. అది రాజకీయ మర్యాద, దాన్ని చూసి తలుపులు తెరిచారనుకోకూడదు. మామూలు మనిషికి దారి తెరుచుకోవడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. బొంబాయి పార్సీ మానెక్‌జీ కర్సెట్‌జీకి ఇక్కడ చోటు దొరక్క యూరప్ వెళ్లి పారిస్‌లో చేరాడు. 1843లో స్కాటిష్ చార్టర్ మీద డాక్టర్ జేమ్స్ బర్న్స్ భారతీయుల కోసమే రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా లాడ్జి పెట్టాడు.

హిందువుల విషయంలో మరీ ఆలస్యమైంది. ఒక్క దేవుణ్ణి నమ్ముతారా, ఏ గ్రంథం మీద ప్రమాణం చేస్తారు, లాడ్జి ముగిశాక అందరితో కలిసి భోంచేస్తారా అని అడ్డుచెప్పేవారు. బెంగాల్‌లో స్థానిక నిబంధన కూడా అడ్డొచ్చింది. ప్రసన్న కుమార్ దత్త ఏళ్ల తరబడి పోరాడి 1872లో చేరగలిగాడు. నిబంధన లేని చోట కూడా నల్ల గోళీ ఉంది. సభ్యులు రహస్యంగా పెట్టెలో తెల్ల గోళీయో నల్ల గోళీయో వేస్తారు. ఇంగ్లిష్ నియమం ప్రకారం 3 నల్లవి పడితే దరఖాస్తు పోయినట్టే, లాడ్జి తలచుకుంటే ఒక్కదానికే కొట్టేసేలా నియమం పెట్టుకోవచ్చు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. వర్ణభేదానికి ఇంతకన్నా అనువైన పెట్టె ఇంకేం కావాలి! అయినా 1884లో కలకత్తా యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో నరేంద్రనాథ్ దత్త, అంటే తర్వాతి వివేకానందుడు, చేరేనాటికి పరిస్థితి చాలా సడలింది.

ప్రశ్న: హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి ఎలా వచ్చింది? లోపల ఏముంటుంది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా కాలపు కట్టడం అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బాలుడిగా ఉన్న రోజుల్లో, 1872లో, మేసన్ల వాడకానికి ఇచ్చారు. అక్కడి సొరంగం గురించి వినిపించే కథలు ఆ కట్టడానివి, మేసన్రీతో వాటికి సంబంధం లేదు. నిజాం రాజ్యంలో కూడిన లాడ్జిలకైనా చార్టర్ వచ్చింది బ్రిటన్ నుంచే.

ఇలాంటి బ్రిటిష్ పద్ధతి లాడ్జి గదులకు దాదాపు ఒకే అమరిక. నలుపు తెలుపు గళ్ల నేల, రెండు స్తంభాలు. మాస్టర్ తూర్పున, ఆయన తర్వాతి అధికారులైన సీనియర్ వార్డెన్ పడమర, జూనియర్ వార్డెన్ దక్షిణాన కూర్చుంటారు. ఉత్తరాన ఇలాంటి అధికారి పీఠం ఉండదు. స్థలాన్నిబట్టి గది అసలు దిక్కు తప్పినా, మాస్టర్ కూర్చున్న వైపే తూర్పు అనుకుంటారు. పాత భవనం ఒకప్పుడు లాడ్జేనా అని చూడబోయేవారు దిక్సూచిని నమ్ముకుంటే పప్పులో కాలేస్తారు.

ప్రశ్న: స్త్రీలు చేరవచ్చా? నాస్తికులు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇంగ్లండ్ గుర్తించే లాడ్జిల్లో రెంటికీ కాదనే జవాబు. ఫ్రాన్స్ మేసన్ల కేంద్ర సంస్థ గ్రాండ్ ఓరియెంట్ 1877లో దేవుడిపై నమ్మకం తప్పనిసరి కాదని తీర్మానించడంతో ఇంగ్లండ్ దానితో తెగతెంపులు చేసుకుంది, ఆ విభజన ఇవాళ్టికీ ఉంది. స్త్రీపురుషులిద్దరినీ చేర్చుకునే ల ద్రొవా యుమాఁ సంస్థ 1893లో పారిస్‌లో పుట్టింది. దాన్ని 1902లో లండన్‌కు తెచ్చినవారిలో అనీబిసెంట్ ఉన్నారు, తర్వాత ఆ సంస్థ ఆమె దివ్యజ్ఞాన సమాజం వెంట ఇండియాకూ వచ్చింది. ఇంగ్లండ్‌లో స్త్రీల ప్రత్యేక లాడ్జిలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: ఇప్పుడు మన దేశంలో లాడ్జిలు ఎవరి కింద నడుస్తున్నాయి?
– అదే పాఠకురాలు

జవాబు: 1961 నవంబర్ 24న ఢిల్లీ అశోకా హోటల్‌లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ మూడూ సమ్మతించి దగ్గరుండి జరిపించాయి. కానీ చేరడమా మానడమా అన్నది లాడ్జిల ఇష్టానికే వదిలేశారు. వివేకానందుడి లాడ్జి 234 ఈ.సి. కాస్తా భారత గ్రాండ్ లాడ్జ్‌లో 1వ నంబరైంది. మద్రాసు పర్ఫెక్ట్ యునానిమిటీ మాత్రం 150 ఈ.సి.గానే ఉండిపోయింది. కాబట్టి 1961 తర్వాతి సర్టిఫికెట్ మీ చేతికొస్తే నంబరు ఒక్కటే చూసి లండన్‌కు రాయకండి, పక్కన ఏ అక్షరాలున్నాయో చూసి ఢిల్లీకా, లండన్‌కా, ఎడిన్‌బరోకా, డబ్లిన్‌కా అన్నది తేల్చుకోండి.