బ్యాండ్‌లో నేనొక్కదాన్నే కష్టపడుతున్నాను, మానేయనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చిన్నప్పుడు పన్నెండేళ్లు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. పెళ్లి, పాప, ఉద్యోగం వీటితో చాలాకాలం పెట్టె తెరవలేదు. ఆరు నెలల క్రితం మా ఆఫీసు పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి బ్యాండ్ మొదలుపెడుతూ నన్నూ పిలిచారు. గిటార్, బేస్, డ్రమ్స్, పాడే అబ్బాయి, నేను. నేను తప్ప అందరూ ముప్పై లోపువాళ్లే. ప్రతి ఆదివారం సాయంత్రం జామ్ రూమ్ అద్దెకు తీసుకుని ప్రాక్టీస్ చేస్తాం. నాలుగింటికి అనుకుంటే డ్రమ్స్ అబ్బాయి అయిదింటికి వస్తాడు, అదీ పాట నేర్చుకోకుండా. పాడే అబ్బాయి వారానికో స్కేల్ మారుస్తాడు. రాత్రుళ్లు కూర్చుని స్వరాలు రాసుకుని వెళ్తే, ‘అక్కా, ఈ పాట వద్దు, ఇంకోటి చేద్దాం’ అంటారు. పాట ఆగితే చాలు, గిటార్ అబ్బాయి తన బిట్లు తాను వాయించుకుంటూ ఉంటాడు. మొన్న ఒక ఆదివారం విసుగొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మధ్యలోనే వయొలిన్ సర్దుకుని వచ్చేశాను. ఇంటికి తలనొప్పితో వస్తుంటే మావారు ‘సంతోషం కోసం వెళ్తున్నావు, ఏడుపు మొహంతో వస్తున్నావు. మానెయ్’ అంటున్నారు. మా అమ్మేమో ‘త్యాగరాజ కీర్తనలు వాయించిన చేతులతో ఆ డ్రమ్ముల మధ్య ఏమిటే’ అంటుంది. కానీ దసరాకు ముందు ఒకరోజు, ఒక పాట రెండో బీజీఎం దగ్గర బేస్, నా వయొలిన్ అచ్చంగా కలిసిపోయాయి. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రాం ఇస్తామని ఒప్పుకున్నాం. కొనసాగాలా, మానేయాలా?

జవాబు: ఉగాది దాకా మానకండి. ఆ తర్వాత సంగతి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరు ఆలస్యంగా వస్తారు, ఎవరు స్కేల్ మారుస్తారు, ఎవరు మధ్యలో వాయిస్తారు, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. వీటిలో ఒక్కటైనా వాళ్లకు చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు. నాకు చెప్పినదాంట్లో సగం వాళ్లకు చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం వచ్చేది కాదేమో.

ఇందుకు మిమ్మల్ని తప్పుపట్టను. మీరు సంగీతం నేర్చుకున్న చోట ఆ పని మీకెప్పుడూ పడలేదు. గురువుగారు ఎదురుగా ఉంటారు. శ్రుతి కాస్త జారినా, రెండో కాలంలో తాళం పరిగెత్తినా ఆయనే ఆపుతారు. ఏ వర్ణం ఎన్నాళ్లు సాధన చేయాలో, ఏ కీర్తన ఎప్పుడు ఎత్తుకోవాలో ఆయన మాటే మాట. పక్కన కూర్చున్న శిష్యురాలి తప్పు మీకు వినబడినా నోరు విప్పరు, అది మర్యాద కాదు. పన్నెండేళ్లు అలా పెరిగారు. ఇప్పుడు గురువు లేని గదిలో కూర్చున్నారు. అక్కడ తప్పు అందరికంటే ముందు మీ చెవికే తెలుస్తుంది, ఆపి సరిచేసేవాళ్లు లేరు. దాంతో నలుగురి తప్పులూ మనసులో లెక్క పెట్టుకుంటూ, ఆ లెక్కంతా తలనొప్పితో పాటు ఇంటికి మోసుకొస్తున్నారు.

పైగా మీరు వాళ్లకు అక్క. మన ఇళ్లలో పెద్దవాళ్లు అలిగితే చిన్నవాళ్లు కారణం అడగరు, తప్పించుకు తిరుగుతారు. మీరు మధ్యలో లేచి వచ్చేశాక వాళ్లూ అదే చేసి ఉంటారు. ‘అక్కకు కోపం వచ్చింది’ అనుకుని ఊరుకుని ఉంటారు. ఎందుకొచ్చిందో వాళ్లకు తెలుసని మీరు అనుకుంటున్నారు. తెలియకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

కాబట్టి వచ్చే ఆదివారం జామ్ రూమ్ బుకింగ్‌కి ఓ గంట ముందు అందరినీ టీకి పిలవండి. గదిలో మాట్లాడుకుందాం అనుకోవద్దు. అక్కడ గంటల లెక్కన డబ్బు నడుస్తుంటుంది, ఎవరి ధ్యాస వాళ్ల వాద్యం మీదే ఉంటుంది. ముందు మీ వైపు నుంచి మొదలుపెట్టండి: ‘ఆ రోజు చెప్పకుండా వెళ్లిపోయాను, అలా చేసి ఉండాల్సింది కాదు. వారమంతా కూర్చుని రాసుకొచ్చిన పాట పక్కన పెట్టేసరికి బాధేసింది.’ అంతవరకే. నీ తప్పిది, నీ తప్పిది అని చిట్టా విప్పకండి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి, ఆదివారం ఇక్కడికి ఎందుకు వస్తున్నావని. ఒకరికి స్టేజీ ఎక్కాలని ఉంటుంది. ఇంకొకరికి వారమంతా ఆఫీసు టెన్షన్ తర్వాత రెండు గంటలు హాయిగా వాయించుకుంటే చాలు. కొత్త బ్యాండ్‌లో గొడవలకు ఎక్కువసార్లు కారణం ఇదే, ఎవరికి ఏం కావాలో ఎవరూ అడిగి ఉండరు.

డ్రమ్స్ అబ్బాయి గురించి నాకు ఒక అనుమానం ఉంది. అద్దె ఫ్లాట్‌లో ఉండేవాడైతే అతనికి ఇంట్లో డ్రమ్ సెట్ ఉండే అవకాశం తక్కువ. ఉన్నా వాయించలేడు. ప్రభుత్వ శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. డ్రమ్ సెట్ మొదటి దెబ్బకే అది దాటిపోతుంది. మీరు రాత్రి పదకొండింటికి వయొలిన్‌కి మ్యూట్ తగిలించుకుని సాధన చేసుకోగలరు. అతనికి మాత్రం వాద్యం చేతికి అందేది వారానికి ఒక్కసారి, అదీ మీ అందరి ముందు. మీకు అది తయారుగా రాకపోవడం, అతనికి అదే మొదటి సాధన. ఆలస్యంగా రావడానికి ఇది సాకు కాదు, ఆ మాట గట్టిగానే చెప్పండి. కానీ పాట విషయంలో అతనికి దారి చూపించాలి. రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ ఒకటి కొనుక్కుంటే ఇంట్లో చప్పుడు లేకుండా చేతులు ఆడించుకోవచ్చు. పాటను చెవిలో పెట్టుకుని ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఎత్తుకోవాలి అన్నంతవరకైనా నేర్చుకుని రమ్మనండి.

ఉగాదికి నాలుగు పాటలు చాలు. మధ్యలో మాటలు కలుపుకుంటే పాతిక నిమిషాలు వస్తుంది, అపార్ట్‌మెంట్ ప్రోగ్రాంకి అది ఎక్కువే. ఆ నాలుగూ టీ దగ్గరే ఖాయం చేసుకుని, పాట పేరు, స్కేలు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. ఆ తర్వాత మార్పు లేదు. కొత్త పాట మీద మోజు పుడితే అది ఉగాది తర్వాతకు.

స్కేల్ సంగతి వయొలిన్ నేర్పే నా స్నేహితురాలిని అడిగాను. మీ కష్టం ఆవిడకు వెంటనే అర్థమైంది. కర్ణాటక పద్ధతిలో తీగలు స-ప-స-ప (షడ్జం, పంచమం) అని శ్రుతి చేసుకుని, కచేరీ అంతా ఆ ఒక్క శ్రుతిలోనే వాయిస్తారు. బ్యాండ్‌లో పాటకో ఆధార షడ్జం, అంటే ‘స’ ఉండే చోటు పాట పాటకీ మారుతుంది. ప్రతి పాటకీ బిరడాలు తిప్పుకుంటూ కూర్చోలేరు. అందుకే ఇలాంటి చోట వాయించేవాళ్లు పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ అని శ్రుతి చేసుకుంటారు. అయితే పన్నెండేళ్ల అలవాటు ఉన్న వేళ్లు రాత్రికి రాత్రి మారవు. ఆవిడ చెప్పిన ఉపాయం ఏమిటంటే, మొదటి ప్రోగ్రాం వరకు డి, జి ఈ రెండు స్కేళ్లలోనే పాటలు పెట్టుకోమనండి. డి స్కేల్‌లో మధ్య రెండు తీగలూ మీకు స, ప అవుతాయి. జి స్కేల్‌లో మంద్రం వైపు రెండు తీగలు స, ప అవుతాయి. చేతికి తెలిసిన చోటు దొరుకుతుంది. గిటార్‌కి కూడా ఇవి సులువైన స్కేళ్లే. పాడే అబ్బాయి గొంతుకు ఈ స్కేళ్లలో ఏ పాటలు కుదురుతాయో అతన్నే ఎంచుకోమనండి. ‘నువ్వు అర మెట్టు మారిస్తే నా వేళ్లన్నీ మళ్లీ నేర్చుకోవాలి’ అని మీరు వాయించి చూపించండి. చాలామంది గాయకులకు ఈ సంగతి నిజంగా తెలియదు. కరోకేలో బటన్ నొక్కితే మారిపోతుంది కదా, వయొలిన్‌లోనూ అంతే అనుకుంటారు.

గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికించే చోట కూడా జాగ్రత్త అని ఆవిడ చెప్పమంది. గిటార్ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) పట్టినప్పుడు అందులో గాంధారం (గ) నిలకడగా ఉంటుంది. అదే సమయానికి మీరు అలవాటుకొద్దీ గాంధారాన్ని ఊపితే రెండూ కొట్టుకుంటాయి. కార్డ్ నిలిచినచోట నిలపండి, గిటార్ ఖాళీ ఇచ్చినచోట మీ గమకం వేయండి. మీకు అపశ్రుతిలా వినబడినవాటిలో కొన్ని ఇవే కావచ్చు, అన్నీ వాళ్ల తప్పులు కాకపోవచ్చు.

మధ్యలో బిట్లు వాయించే గిటార్ అబ్బాయికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. పాట ఆగితే అందరూ వాల్యూమ్ తగ్గించాలి అని ఒక్క నియమం పెట్టుకోండి. ఒక ఫోన్‌ని గది మూలన పెట్టి ప్రతి పాటా రికార్డు చేయండి. ఇంటికెళ్లి విని, తన వాద్యంలో ఏం సరిచేసుకోవాలో ఎవరికి వారే గ్రూప్‌లో రాయాలి. పక్కవాళ్ల గురించి రాయొద్దు. మీరు పైకి అనలేకపోతున్న మాటలు చాలావరకు ఆ రికార్డింగే చెబుతుంది. ఇంకొకటి, మొదలు, ముగింపు విడిగా సాధన చేయండి. కొత్త బ్యాండ్‌లు పాట మధ్యభాగం బాగానే లాక్కొస్తాయి, ఎలా ఆపాలో తెలియక చివర్లో ఒక్కొక్కరూ ఒక్కోచోట తేలతారు.

ఇక తలనొప్పి. దాన్ని కోపం ఖాతాలో వేసి ఊరుకోకండి. చెవులకు ప్రమాదం లేకుండా 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చని, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్ సెట్ 100 దాటడం మామూలే. దానికి తోడు మీ వాద్యం మీ ఎడమ చెవి కిందే మోగుతుంటుంది. సంగీతకారుల కోసం ప్రత్యేకంగా చేసే ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, స్వరం చెడకుండా శబ్దం తగ్గిస్తాయి. అయిదుగురూ కొనుక్కోండి. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మనడం మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

మీ అమ్మగారి మాట పెద్దావిడ బెంగ, దాంతో వాదన పెట్టుకోకండి. కానీ మీ మనసులో అది ముల్లులా ఉంటే ఈ సంగతి గుర్తు చేసుకోండి. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ తెచ్చినవారిగా చెప్పుకునే బాలుస్వామి దీక్షితార్ దాన్ని మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గరే నేర్చుకున్నారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితార్ పాశ్చాత్య బ్యాండ్ వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. మన పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు త్యాగరాజ కీర్తనల కచేరీలు చేస్తూనే, రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి వాయించారు. మీ చేతులకు ఏ మైలా అంటలేదు.

మీవారి సంగతికి వస్తే, ఆ దసరా ముందు రాత్రి మీకు నిద్ర ఎందుకు పట్టలేదో ఆయనకు చెప్పారా? చెప్పినట్టు రాయలేదు. ఆయనకు కనబడుతున్నది ఆదివారం రాత్రి మీ మొహం ఒక్కటే. ‘మానెయ్’ అన్నది ఆజ్ఞగా వినబడి ఉండొచ్చు. నాకైతే, మిమ్మల్ని అలా చూడలేక, ఏం చేయాలో తోచక అన్న మాటలా అనిపిస్తోంది. బాగా కుదిరిన చోటు ఒక్క అర నిమిషం రికార్డింగ్ ఆయనకూ పాపకూ వినిపించండి. ఒక ఆదివారం ప్రాక్టీస్ చివరి అరగంటకు వాళ్లను తీసుకెళ్లండి. ఆదివారం సాయంత్రాలు ఆయనకు ఇబ్బందిగా ఉంటే అదీ సూటిగా అడగండి, వేళ మార్చుకోవచ్చు. పాపను ఆ రెండు మూడు గంటలు చూసుకోవడం మీకు చేస్తున్న ఉపకారం అన్న భావన మాత్రం ఇద్దరిలో ఎవరికీ వద్దు. ఆ పాప ఆయనకూ కూతురే.

దసరా ముందు జరిగిన ఆ సంఘటన గురించి ఇంకో మాట చెప్పాలి. కచేరీలో మృదంగం మీ వెంట నడుస్తుంది. ఆ రోజు మాత్రం ఎవరు ఎవరి వెంట నడిచారో తెలియలేదు, బేస్ మీ కోసం ఆగిందో మీరే బేస్ కోసం ఆగారో. ఒంటరిగా శ్రుతిపెట్టె ముందు ఎన్నేళ్లు కూర్చున్నా అది దొరకదు. అయిదుగురికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిన క్షణంలో వస్తుంది. ప్రతి ఆదివారం రాదు, రానందుకు ఆ ఆదివారం వృథా అయిందనీ అనుకోకండి. ఆరు నెలల బ్యాండ్‌కి అది ఒక్కసారైనా వచ్చిందంటే, ఆ గదిలో వినే చెవులు మీవొక్కటే కాదన్నమాట. లేకపోతే అందరూ ఒకేసారి ఎందుకు నవ్వుతారు?

ఉగాది అయ్యాక నిర్ణయించుకోండి. పాట ఎలా వచ్చిందన్నది పక్కన పెట్టి, మీరు నోరు తెరిచి చెప్పాక వాళ్లు విన్నారా లేదా అని చూడండి. ఆలస్యం అలాగే ఉండి, పాటలు అలాగే మారుతుంటే నిస్సంకోచంగా బయటికి రండి. ఈసారి చెప్పి, నెల గడువిచ్చి రండి. ఆ తర్వాత కూడా బేస్ అబ్బాయితో, పాడే అబ్బాయితో మీ హాల్లోనే ముగ్గురూ కూర్చుని వాయించుకోవచ్చు, దానికి జామ్ రూమ్ కూడా అక్కర్లేదు. పండగ వెళ్లాక ఎలా జరిగిందో రాయండి. డ్రమ్స్ అబ్బాయిని అడిగితే ఏమన్నాడో కూడా రాయండి.