‘డార్క్‌మ్యాన్’ గురించి రాసే ముందు

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

దర్శకుడు శామ్ రైమీ తీసిన ‘డార్క్‌మ్యాన్’ సినిమా మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మొదటి పేరా కొట్టేయి. కాలం కన్నా ముందు వచ్చిందనీ, ఎవరూ పట్టించుకోలేదనీ రాశావు. 1990లో విడుదలైనప్పుడు జనం చూశారు, పెట్టుబడికి మించి వసూళ్లు వచ్చాయి, నేరుగా వీడియోలో రెండు సీక్వెల్స్ కూడా వచ్చాయి. ఆ తర్వాతే మరుగున పడింది. అంతకు ఏడాది ముందు ‘బ్యాట్‌మ్యాన్’ చేసిన హడావుడి ఒకటి, 2002లో రైమీయే తీసిన ‘స్పైడర్ మ్యాన్’ ఒకటి. ఆ రెండింటి మధ్య దీన్ని ఏదో కసరత్తుకు తీసిన సినిమాలా చూడటం అలవాటైపోయింది. నీ పోట్లాట ఆ అలవాటుతో.

పాత రేడియో, పత్రికా కథల హీరో ‘ది షాడో’ హక్కులు దొరకక రైమీ సొంత కథ అల్లుకున్నాడన్న సంగతి ఒక్క వాక్యంలో తేల్చేయి. నీకున్న చోటంతా తిరునాళ్ల సన్నివేశానికి ఇవ్వు. ఒళ్లూ ముఖమూ కాలిపోయిన శాస్త్రవేత్తగా వేసిన లియామ్ నీసన్ కృత్రిమ చర్మంతో తన పాత ముఖం తొడుక్కుని ప్రియురాలితో వస్తాడు. వెలుగులో ఆ చర్మం నిలిచేది 99 నిమిషాలే. బంతాటలో గెలుస్తాడు. గులాబీ రంగు ఏనుగు బొమ్మ ఇవ్వమంటే, గీత దాటి నిలబడ్డావంటూ కొట్టువాడు మొండికేస్తాడు. చూస్తుండగానే నీసన్ వాడి వేళ్లు విరిచేస్తాడు. ‘తీసుకో ఏనుగుని’ అని ప్రియురాలి మీదే అరుస్తాడు. అప్పటికే ముఖం పొగలు కక్కుతుంటుంది.

ఆ కోపం ఎక్కడిదో పాఠకుడికి విడమరిచి చెప్పు. కాలిన ఒళ్లు నొప్పి తెలియకుండా ఆసుపత్రిలో నరాలు తెంచేశారు. నొప్పి పోయింది, దాంతోపాటు ఆవేశానికి కళ్లెమూ పోయింది, బలం వచ్చిపడింది. అతని శక్తి అనుకుంటున్నదంతా ఒక గాయమే. నవ్వొచ్చే బొమ్మ కోసం జరిగే ఆ గొడవలో సినిమా మొత్తం ఉంది. అది పట్టుకుంటే నీకు వేరే విశేషణాలు అక్కర్లేదు.

లోపాలు దాచకు. ప్రియురాలిగా వేసిన ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ అంతటి నటికి చివరికి విలన్ చేతికి చిక్కడం తప్ప పెద్ద పని లేదు. హెలికాప్టర్ పోరాటంలో వెనుక దృశ్యం అతికించినట్టు తెలిసిపోతూనే ఉంటుంది. డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం ‘బ్యాట్‌మ్యాన్’ను గుర్తుచేస్తుందని ఎవరో ఒకరు అంటారు. రెండింటికీ ఆయనే కాబట్టి గుర్తుచేస్తుంది మరి! వాళ్లు అనకముందే నువ్వే అనేయి. చుట్టలు కత్తిరించే పరికరంతో వేళ్లు నరికి దాచుకునే విలన్‌గా వేసిన లారీ డ్రేక్ గురించి మాత్రం పిసినారితనం చూపకు, నాలుగు వాక్యాలైనా రాయి.

రాసేముందు ఒకసారి శబ్దం ఆపేసి చూడు. రైమీ కెమెరా ఎంత అల్లరిదో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్కటి. చివరి షాట్‌లో జనంలో కలిసిపోయే ముఖం ఎవరిదో బయటపెట్టకు. రైమీ పాత సినిమా ‘ఈవిల్ డెడ్’ చూసినవాళ్లు ఎలాగూ పట్టేస్తారు. వ్యాసం ఆదివారంలోగా పంపితే మళ్లీ చూసి పెడతాను.

పెదనాన్న