భర్త సంతకం పెట్టకపోతే ఖులా కుదరదా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. ఏడేళ్ల కిందట మా ఊళ్లోనే నిఖా అయింది. ఐదేళ్ల పాప ఉంది. ఆయన గల్ఫ్‌లో పని చేస్తారు. వచ్చినప్పుడల్లా చెయ్యి చేసుకునేవారు. రెండున్నరేళ్లుగా ఒక్క రూపాయి పంపలేదు. పుట్టింట్లో ఉంటూ కుట్టుపని చేసుకుంటున్నాను. ఖులా (భార్య తానే కోరే విడాకులు) అడిగితే "నేను సంతకం పెట్టను, ఎవరిస్తారో చూస్తా, ఎక్కువ మాట్లాడితే వాట్సాప్‌లో తలాక్ పంపేస్తా" అంటున్నారు. భర్త ఒప్పుకోకుండా ఖులా కుదరదని ఖాజీ గారు కూడా చెప్పారు. మెహర్ (నిఖాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) 51 వేలు నాకు ఇంతవరకూ ఇవ్వనే లేదు. ఆ మెహర్ వదులుకుని, మా అమ్మ పెట్టిన బంగారం అడగనని, పాప ఖర్చులు కూడా అడగనని రాసిస్తే ఆలోచిస్తామని అత్తగారి వాళ్లు అంటున్నారు. బంగారం వాళ్ల దగ్గరే ఉంది. వచ్చే నెల ఆయన సెలవు మీద వస్తున్నారు. మసీదు కమిటీ పెద్దలు కూర్చోబెడతారట. కోర్టుకు వెళ్తే మతానికి ఎదురు తిరిగినట్టేనని అమ్మ భయం. ఏం చేయాలి? (పేరు వద్దు)

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి భయం సంగతి చూద్దాం. అది తీరకపోతే నేను చెప్పే ఏ సలహా కూడా మీ ఇంట్లో ముందుకు సాగదు.

వివాహం నుంచి బయటపడే హక్కు స్త్రీకి కోర్టులు కొత్తగా ఇచ్చింది కాదు. ఖురాన్ రెండో అధ్యాయం 229వ వచనంలోనే దాని ప్రస్తావన ఉంది. ప్రవక్త మాటలు, చేతల సంకలనమైన సహీహ్ బుఖారీలో ఒక హదీసు (ఉదంతం) కూడా ఉంది, మీ అమ్మగారికి వినిపించండి. సాబిత్ బిన్ ఖైస్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) భార్య మహాప్రవక్త (స) దగ్గరికి వచ్చి, తన భర్త నడవడిలో గానీ ధర్మనిష్ఠలో గానీ తప్పు పట్టడం లేదని, అయినా ఆయనతో కాపురం చేయలేనని చెప్పింది. భర్త మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిస్తావా అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెకు తలాక్ ఇమ్మని సాబిత్‌కు చెప్పారు. ఆమెను కొట్టాడా, తిండి పెట్టలేదా అన్న విచారణ అందులో లేదు. కాపురం చేయలేనన్న ఆమె మాటే చాలింది.

అలాగని మీ ఖాజీ గారు లేనిది కల్పించారనీ అనను. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయంలో ఖులా అంటే భార్యాభర్తల ఒప్పందమని, భర్త అంగీకారం ఉండాలని ఫిఖహ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) పండితులు చెబుతూ వచ్చారు. ఆయన చెప్పింది అదే. కానీ మీ విషయంలో చెల్లేది తెలంగాణ హైకోర్టు మాట. 2025 జూన్ 24న జస్టిస్ మౌసమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మీ పరిస్థితికి సరిగ్గా సరిపోతుంది. ఖులా భార్యకున్న సంపూర్ణ హక్కు అని, దానికి భర్త అంగీకారం అవసరం లేదని అందులో తేల్చారు. ముఫ్తీ నుంచి గానీ మత పెద్దల నుంచి గానీ ఖులానామా (ఖులా పత్రం) తెచ్చుకోవాల్సిన అవసరం లేదు, వాళ్ల అభిప్రాయం సలహా మాత్రమే. మెహర్ తిరిగివ్వడం గురించి భర్త బేరం ఆడవచ్చు. అయితే భార్య మెహర్ తిరిగివ్వలేదన్న ఒక్క కారణంతో ఖులాను తోసిపుచ్చలేరు. వివాదం కోర్టుకు వస్తే ఫ్యామిలీ కోర్టు ఏళ్ల తరబడి సాక్ష్యాలు సాగదీయకుండా, భార్య ఖులా అడిగిందా, రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగిస్తానందా అన్నంతవరకే క్లుప్తంగా విచారించి ముద్ర వేయాలి. (ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట: ఈ తీర్పు అక్కడి కోర్టులకు శిరోధార్యం కాదు. కానీ మీ లాయరు ధైర్యంగా చూపించదగ్గ తీర్పు.)

ఫత్వాలకు (ముఫ్తీలు చెప్పే మతపరమైన అభిప్రాయాలకు) చట్టపరంగా ఎవరినీ కట్టిపడేసే బలం లేదని సుప్రీంకోర్టు 2014 జూలైలోనే చెప్పింది. కాబట్టి పెద్దల మాట మర్యాదగా వినండి. కానీ వాళ్లు అనుమతి ఇస్తేనే మీకు విముక్తి అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఇంత చెప్పాక కూడా, మీకు ఖులాయే మేలైన దారి అని నేను అనను. మీ ముందు ఇంకో దారి ఉంది, చాలామందికి దాని సంగతి తెలియదు. అదే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. దాని వెనకాల కథ మీ అమ్మగారికి నచ్చుతుంది. హనఫీ సూత్రాల ప్రకారం భార్య కోరుకున్నా బయటపడే మార్గం దాదాపు లేకపోవడంతో, ముఖ్యంగా పంజాబ్‌లో, కొందరు స్త్రీలు పెళ్లి తెంచుకోవడానికి మతమే వదిలేసేవారు. ఇది చూసి కలత చెందిన ఉలమాల్లో (మత పండితుల్లో) మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఒకరు. ఇటువంటి స్త్రీల కోసం మాలికీ అనే మరో ఇస్లామిక్ సంప్రదాయంలోని వెసులుబాట్లను హనఫీలు కూడా తీసుకోవచ్చని 1930ల్లో ఆయన వివరంగా రాశారు. ఆ ఆలోచనే చట్టానికి దారి తీసింది. అంటే మత పండితులే దారి చూపగా వచ్చిన చట్టం ఇది. దాన్ని వాడుకోవడం మతానికి ఎదురు తిరగడం ఎలా అవుతుంది? ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. హిందూ స్త్రీలకు దేశమంతటా విడాకుల హక్కు వచ్చింది 1955లో. క్రైస్తవ స్త్రీ అయితే 1869 చట్టం కింద భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వం వంటిది మరొకటి కూడా నిరూపించాల్సి వచ్చేది, 2001 సవరణతో గానీ ఆ బాధ తప్పలేదు. భార్యను కట్టేసి ఉంచాలనుకునే మగవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, వాళ్లకు మతం ఒక సాకు.

1939 చట్టం రెండో సెక్షన్‌లో కారణాలు వరసగా ఉన్నాయి. అందులో రెండు మీకు నేరుగా వర్తిస్తాయి: రెండేళ్లపాటు భార్యను పోషించకపోవడం, క్రూరత్వం. మీ బ్యాంకు పాస్‌బుక్కే మీ మొదటి సాక్షి. డబ్బు పడటం ఎప్పుడు ఆగిందో తేదీతో సహా అందులో ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి మూడేళ్ల స్టేట్‌మెంట్ తీసుకుని మేనేజరు స్టాంపు వేయించుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ దారిలో విడాకులు తీసుకుంటే మెహర్ హక్కు పోదని అదే చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. తప్పు చేసింది ఆయన. ఆయనకు 51 వేలు మిగిల్చి మీరు బయటికి రావడం నాకు నచ్చదు. భర్త వైపు తప్పున్నప్పుడు ఖులాకు బదులుగా ఏమీ తీసుకోకూడదని హనఫీ గ్రంథాలు కూడా అంటాయి. అందుకే నా సలహా: 1939 చట్టం కింద విడాకులు అడగండి. అది కుదరకపోతే ఖులా అయిందని ప్రకటించమని అదే పిటిషన్‌లో కోరండి. దానికోసం ముందుగా ఆయనకు ఖులా కోరుతూ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోండి. నిఖా మీ ఊళ్లోనే జరిగింది కాబట్టి కేసు మీ జిల్లాలోనే వేసుకోవచ్చు.

దానికంటే ముందు వేయాల్సింది భరణం కేసు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 125) మతంతో పని లేకుండా అందరికీ వర్తిస్తుంది. మీరిప్పుడు ఎక్కడుంటే అక్కడే వేయవచ్చు. ముస్లిం భార్యకు ఇది వర్తించదని ఇంకా వాదించేవాళ్లు ఉన్నారు. 1985లో షాబానో కేసుతో మొదలైన ఆ వాదనకు 2024 జూలై 10న సుప్రీంకోర్టు మళ్లీ తెర దించింది. ఆ కేసు వెళ్లింది కూడా తెలంగాణ నుంచే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు వేస్తే హైకోర్టు 10 వేలకు తగ్గించింది. అదీ ఇవ్వనని భర్త సుప్రీం దాకా వెళ్లి ఓడిపోయారు. ఈ కేసు ముందే వేయమనడానికి కారణం ఉంది. ఖులా తానే కోరి వెళ్లిన భార్యకు ఆ తర్వాతి కాలానికి భరణం ఎందుకని అవతలి లాయరు తప్పకుండా అడుగుతారు. విడాకులు పొందిన స్త్రీ కూడా భార్య కిందికే వస్తుందని సెక్షన్‌లోనే ఉంది, అయినా ఆ వాదనకు చోటు ఇవ్వకుండా ఉండటమే మంచిది.

పాప విషయంలో ఏ కాగితం మీదా సంతకం చేయకండి. పాప పోషణ పాప హక్కు, దాన్ని వదులుకునే అధికారం మీకు లేదు. ముస్లిం తండ్రి పిల్లలకు భరణం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఆడపిల్ల యుక్తవయసు వచ్చేవరకు తల్లి దగ్గర పెరగాలన్నది హనఫీ సంప్రదాయమే. కోర్టు అయితే అన్నిటికంటే బిడ్డ మేలు చూస్తుంది. మీ అమ్మ పెట్టిన బంగారం మీది, మెహర్‌తో దానికి సంబంధం లేదు. ఏ నగ ఎన్ని తులాలో, ఎక్కడ కొన్నారో రాసి, పెళ్లి ఫొటోల్లో అవి కనిపించేవి వెతికి పెట్టుకోండి. అడిగినా ఇవ్వకపోతే అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం. కొట్టిన దానికి 2005 గృహహింస చట్టం ఉంది.

వాట్సాప్ తలాక్ బెదిరింపుకు భయపడకండి. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి ముమ్మారు తలాక్ చెప్పే పద్ధతిని కొట్టేసింది. 2019 చట్టం ప్రకారం ఫోన్‌లో పంపినా, కాగితం మీద రాసినా, నోటితో అన్నా ఒకేసారి చెప్పే తలాక్ చెల్లదు. మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం కూడా. ఆయన పంపిన మెసేజ్‌లు, వాయిస్ రికార్డింగులు చెరిపేయకండి, ఆ ఫోన్ మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, లాయరు తయారు చేయిస్తారు.

లాయరు ఫీజు గురించి మీరు రాయలేదు గానీ, కుట్టుపని మీద బతికే మనిషికి అది చిన్న సంగతి కాదు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆధార్, నిఖానామా, పాప జనన ధ్రువపత్రం, ఆయన పాస్‌పోర్టు కాపీ ఉంటే అదీ తీసుకెళ్లండి.

ఇక మసీదు కమిటీ సమావేశం. మానుకోకండి, అన్ననో మామనో తోడు పెట్టుకుని వెళ్లండి. రాజీకి ప్రయత్నం జరిగిందన్నది రేపు కోర్టులో మీకే పనికొస్తుంది, అందుకని ఆ రోజు ఎవరెవరు వచ్చారో, ఏమన్నారో ఇంటికి రాగానే తేదీ వేసి రాసుకోండి. అక్కడ ఏ స్టాంపు పేపరు పెట్టినా, ఖాళీది అయినా రాసి ఉన్నది అయినా, "మా వకీలుకు చూపించి చెబుతాను" అనండి, అంతకు మించి ఒక్క ముక్క వద్దు. రెండు కేసులూ మాత్రం ఆయన విమానం దిగకముందే దాఖలు కావాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషికి సమన్లు అందించడానికే నెలలు గడిచిపోతాయి. సెలవులో ఊళ్లో ఉన్నప్పుడైతే ఇంటి గడప దగ్గరే చేతికి ఇవ్వవచ్చు. కాబట్టి న్యాయ సేవాధికార సంస్థకు ఈ వారమే వెళ్లండి.