సమాధానం: జనవరిలో పసుపెక్కిన లాన్ గురించి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ ఇంటి ముందు గరిక లాన్ డిసెంబర్ నుంచి పసుపెక్కుతోందని, డెన్వర్‌లో ఉన్న మీ తమ్ముడు చెప్పినట్టు యూరియా చల్లి రోజూ సాయంత్రం నీళ్లు పెడుతున్నా మారలేదని రాశారు కదండీ, ముందు యూరియా ఆపేయండి. ఆయన చెప్పింది తప్పు కాదు, కానీ అది అక్కడి గడ్డికి. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో ఎక్కువగా వేసేది కెంటకీ బ్లూగ్రాస్, చల్లదనంలో బాగా పెరిగే రకం, అందుకే అక్కడ మంచు పడకముందే ఎరువు వేస్తారు, పొడి చలికాలంలో నేల గడ్డకట్టని రోజు చూసి నెలకోసారి తడిపితే సరిపోతుంది.

మన గరికది ఎండ స్వభావం. బెంగళూరులో రాత్రి 15 డిగ్రీలకు దిగితే దాని ఎదుగుదల మందగిస్తుంది, అప్పుడు యూరియా దానికి పెద్దగా ఉపయోగపడదు. సాయంత్రం నీళ్లయితే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి, నాకూ అలాగే ఒక మూల మొత్తం పోయింది, చాలా బాధేసింది.

ఇప్పుడు పొద్దున్నే, వారానికి రెండుసార్లు, నాలుగైదు అంగుళాల లోతు దిగేలా పెట్టండి. స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, సులువుగా దిగితే తడి చాలినట్టే, దిగకపోతే మన ఎర్రమట్టి గట్టిపడిందని అర్థం, తోటపని ఫోర్కుతో రంధ్రాలు చేసి ఇసుక కలిపిన కంపోస్టు పలచగా చల్లండి. కత్తిరించేటప్పుడు గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయొద్దు.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడండి: గడ్డిని పట్టి లాగితే చాపలా లేచి వస్తోందా? వస్తే వేరుపురుగు తిన్నట్టు, ఫొటో పెట్టండి. లేకపోతే ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరాక దానంతటదే పచ్చబడుతుంది, ఎరువు అప్పుడు వేయండి.