సొంత చెరువులోని పెద్ద చేపలతో పిల్లలు తీయించవచ్చా?

బద్వేలు దగ్గర మీ చెరువులో మూడేళ్లుగా కట్ల, రోహు ఎదగడం లేదన్నారు. హేచరీ (చేప పిల్లలను పుట్టించి అమ్మే కేంద్రం) పిల్లలను మానేసి, మీ చెరువులోనే బాగా పెరిగిన వాటిని తల్లిచేపలుగా ఉంచుకోవచ్చా అని అడిగారు. ఆ పని చేయకండి. మేము చేసి నష్టపోయాం.

పోరుమామిళ్ల వైపు మా సంఘం చెరువులో కండపట్టిన రోహులను పన్నెండు ఏరి, ఒక హేచరీలో గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ చేయించాం. పిల్లల్లో కొన్నిటికి మొప్పల మూత పొట్టి, కొన్నిటికి వెన్ను వంకర. ఒకే ఈడు పిల్లల్లో ఒకటి అరచేయంత ఉంటే ఇంకొకటి వేలంత. మేతలో లోపమున్నా వెన్ను వంగుతుంది కనుక నేరమంతా దగ్గరి రక్తసంబంధం మీద మోపను. కానీ లెక్క వేసుకున్నాక మా తెలివి మీద మాకే నవ్వొచ్చింది. ఐదు కిలోల రోహు ఒక్కటే పది లక్షల దాకా గుడ్లు పెడుతుంది. మా చెరువులో అంతకుముందు వదిలిన పిల్లలన్నీ ఒకటి రెండు తల్లులవే అయి ఉండవచ్చు. ఏరిన పన్నెండూ తోబుట్టువులైతే, అది మేనరికం కూడా కాదు, ఒక తల్లి బిడ్డలకు పెళ్లి!

హేచరీకి వెళితే తల్లిచేపలు ఎన్ని అని మాత్రమే కాదు, మగవి ఎన్ని అని అడగండి. ఇరవై ఆడవాటికి నాలుగే మగవి ఉంటే, పిల్లల వారసత్వంలో సగం ఆ నాలుగింటి నుంచే వస్తుంది కనుక, వారసత్వం లెక్కలో అది పదమూడు చేపల మందే. ఇరవై ఐదుకు ఇరవై ఐదు ఉంటే యాభై. కట్ల, రోహులను ఒకే తొట్టిలో గుడ్లు పెట్టిస్తారా అన్నదీ అడగండి. వాటి సంకరాలకూ పిల్లలు పుడతాయి. అవి తల్లిచేపల్లో కలిస్తే మళ్లీ విడదీయలేం. దొరికితే భువనేశ్వర్ మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన జయంతి రోహు తెచ్చుకోండి. గంగ, యమున, బ్రహ్మపుత్ర వంటి ఐదు నదుల చేపలను కలిపి, తరతరానికీ ఏరి పెంచిన రకం అది.

మీ చేపలు ఎదగకపోవడానికి ఇంకో అనుమానం. కట్ల, రోహు నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు, తిలాపియా పెడుతుంది. 1952లో మన దేశానికి వచ్చిన ఈ జిలేబీ చేప చెరువంతా బుడ్డ పిల్లలతో నింపి, మీ మేత తినేస్తుంది. ఒకసారి వల వేసి చూడండి, అసలు దొంగ అదే కావచ్చు. వేసవిలో చెరువు ఎండినప్పుడు గుంటల్లో మిగిలిన నాలుగు జిలేబీలనూ తీసేయండి. వాటిని వదిలేస్తే ఎంత మంచి పిల్లలు తెచ్చినా వృథానే.