శరీరం ఇంటికి రాని సైనికుణ్ణి ఎలా తలచుకోవాలి?

1965 యుద్ధంలో మరణించిన మీ పెదనాన్నగారి భౌతికకాయం ఇంటికి రాలేదనీ, తిథి కూడా సరిగా తెలియదనీ, ఆగస్టు 15న పటానికి దండ వేయడం తప్ప ఇంకేమి చేయవచ్చుననీ మీరు అడిగారు. మా ఇంటి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే గనుక, మేము చేసింది చెబుతాను.

మా చిన్నాయన చిత్తూరు దగ్గరి పల్లె నుంచి మద్రాస్ రెజిమెంటులో చేరారు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ పొందుతూ ఆయన రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు నేను చదివాను. వాటిలో దేశభక్తి మాట ఒక్కటీ లేదు. ఉన్నదంతా చలి తట్టుకోలేకపోవడం గురించీ, సంకటీ ఊరిబిండీ దొరకకపోవడం గురించీ.

1971 యుద్ధంలో, డిసెంబరు 15 రాత్రి పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతంలో మన దళాలు, శత్రువు మందుపాతరలు పరిచిన బసంతర్ నదిని దాటి ఆవలి గట్టున పట్టు సంపాదించాయి. ఆ పోరులోనే 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ 16వ తేదీన ప్రాణాలొదిలి, మరణానంతరం పరమవీరచక్ర పొందారు. ఆయనకంటే ఒక్క ఏడాది పెద్దవారైన మా చిన్నాయన కూడా ఆ నది దగ్గరే పోయారు. 16 సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయని రేడియోలో విని మా ఊరంతా సంబరపడింది. ధనుర్మాసం గనుక మా అవ్వ బెల్లం పొంగలి వండి వీధంతా తానే పంచిందట. టెలిగ్రాం కొన్ని రోజుల తరువాత వచ్చింది. ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆమె ధనుర్మాసంలో పొంగలి వండలేదు.

1999 నాటి కార్గిల్ యుద్ధంలో వలె జెండా కప్పిన పేటికలు సొంత ఊళ్లకు చేరడం ఆ రోజుల్లో మామూలు కాదు; అంత్యక్రియలు చాలావరకు యుద్ధభూమికి దగ్గరలోనే ముగిసేవి. మాకు చేరింది తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె ఒక్కటే.

ఇక తిథి మాట. రాత్రంతా సాగిన పోరులో ఏ ఘడియలో పోయారో తెలియక మా నాన్నగారు తికమకపడితే, పురోహితులు మహాలయ పక్షంలోని చతుర్దశి ఆయుధాల వల్ల మరణించినవారికి ప్రత్యేకించినదని చెప్పి దారి చూపారు. పెళ్లికాని తమ్ముడికి అన్న చేయవచ్చునా అన్న బంధువుల సందేహాన్నీ ఆయనే తీర్చారు. అప్పటినుంచి ఏటా ఆ రోజున తిరుపతి కపిలతీర్థంలో తర్పణం వదులుతున్నాము. మీరూ ఆ రోజును పాటించవచ్చు.

మా చిత్తూరు సీమలో వీరగల్లులు, అంటే పోరులో పోయిన వీరుల కోసం నిలిపిన శిలలు, ఎక్కువ. మా చెరువుకట్ట మీద కూడా ఒకటుంది: కింద పోరాటం, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం. పేరు ఎవరికీ తెలియకపోయినా పసుపు కుంకాలు మాత్రం తప్పవు. దాని పక్కనే తమ్ముడికీ ఒక రాయి నిలపాలని నాన్నగారు అనుకున్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "రాయి పెడితే వాడు దేవుడైపోతాడు. చెప్పకుండా పట్టాళానికి పోయినందుకు నేనింక ఎవర్ని తిట్టుకోవాల?" అన్నదట. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. అందుకే మా ఇంట్లో చతుర్దశి నాడు ఆయన శౌర్యం గురించి ఎవరమూ మాట్లాడము. ట్రంకు పెట్టె తెరిచి ఆ ఉత్తరాలు పిల్లల చేత పైకి చదివిస్తాము. మీ ఇంట్లో ఒక్క ఉత్తరం ఉన్నా, ఆయనను ఎరిగిన ముసలివారు ఒక్కరున్నా, దండకంటే ముందు అది చూసుకోండి.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగచక్రంలో, స్వాతంత్ర్యం తరువాత పోరులో మరణించినవారి పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. సర్వీసు నంబరూ రెజిమెంటు వివరాలూ దగ్గర పెట్టుకుని వెళితే వెదకడం సులువు. మేము జనవరిలో వెళ్లాము. నాన్నగారు తమ్ముడి పేరు మీద చేయి వేసి చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "వీడికి చలి పడదురా" అన్నారు.