మూడు లక్షలు పోసి క్లాసిఫైడ్స్ సైట్ పెట్టించాలా?

ప్రశ్న: మాది అనంతపురం. కిరాణా అంగడి నడుపుతున్నాను. మా అబ్బాయికి 21 ఏళ్లు, ఈ మధ్యే బీకాం కంప్యూటర్స్ పూర్తయింది. రాయలసీమ అంతటికీ పనికొచ్చే క్లాసిఫైడ్స్ వెబ్‌సైట్ పెడతానంటున్నాడు. పాత బండ్లు, బాడుగ ఇళ్లు, ఉద్యోగాలు అన్నీ అందులోనే ఉంటాయట. తెలిసినాయన ఒకరు సైటూ యాప్ రెండూ చేసిస్తాను, మూడు లక్షలవుతుంది అన్నారు. నేనేమో నంద్యాలకు పంపి బ్యాంక్ కోచింగ్ ఇప్పిద్దామనుకున్నాను. మా బావమరిది కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. వీడు ఎటూ కాకుండా పోతాడేమోనని నిద్ర పట్టడం లేదు. అప్పు తెచ్చయినా మూడు లక్షలు ఇవ్వమంటారా? సైటా, బ్యాంకా, ఏది మేలు?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఇవ్వకండి. అప్పు తెచ్చి అసలే ఇవ్వకండి. క్లాసిఫైడ్స్ సైట్ నిలబెట్టడానికి అంత ఖర్చు అక్కర్లేదు. డొమైన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ, సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే మామూలు హోస్టింగ్ ఏడాదికి కొన్ని వేలు. సైట్లు తయారు చేసుకునే వర్డ్‌ప్రెస్ ఉచితం, దానికి తగిలించుకోవడానికి క్లాసిఫైడ్స్ కోసమే తయారు చేసిన చిన్న ప్రోగ్రాములు (ప్లగిన్లు) దొరుకుతాయి. ఓస్‌క్లాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని కోసమే పుట్టింది. కంప్యూటర్స్ చదివిన కుర్రవాడు యూట్యూబ్ చూసుకుంటూ ఓపిగ్గా కూర్చుంటే తనే చేసుకోగలడు. కూర్చోలేకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీ ఇద్దరికీ మంచిది. యాప్ మాట ఇప్పుడు ఎత్తనే వద్దు.

అసలు కష్టం సైట్ తయారయ్యాక మొదలవుతుంది. ప్రకటనలు లేవని కొనేవాళ్లు రారు, కొనేవాళ్లు లేరని అమ్మేవాళ్లు ప్రకటన పెట్టరు. ఈ ముడి విప్పడానికి పెద్ద పెద్ద కంపెనీలే టీవీ ప్రకటనల మీద డబ్బు కుమ్మరించాయి. ఓఎల్‌ఎక్స్ 2006లో, క్వికర్ 2008లో మొదలయ్యాయి. ఇంత పేరున్న ఓఎల్‌ఎక్స్ ఇండియా వ్యాపారం కూడా 2023లో ఆన్‌లైన్‌లో బండ్ల వ్యాపారం నడిపే కార్‌ట్రేడ్ టెక్ చేతికి వెళ్లింది. ఇక మన ఊళ్లలో పాత బండి అమ్మాలంటే జనం ముందు వాట్సాప్ గ్రూపులో పెడతారు, తర్వాత ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడతారు. రెండూ ఉచితం, రెండూ అప్పటికే ఫోన్లో ఉన్నాయి. వాటిని వదిలి మీవాడి సైట్‌కు ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు మీ అబ్బాయి దగ్గర ఒక్క వాక్యంలో జవాబుండాలి. ‘రాయలసీమ అంతటికీ’ అంటే అది జవాబు కాదు.

ఈ స్టార్టప్ మోజు మీద నా అనుమానాలు దాచుకోను. కాలేజీల్లో పోటీలు పెడతారు, పిల్లలు స్లయిడ్లు చూపిస్తారు, చప్పట్లు కొట్టించుకుంటారు. డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందని మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. క్లాసిఫైడ్స్‌లో మామూలు మనిషి ప్రకటన ఉచితంగానే పెడతాడు. గూగుల్ ప్రకటనల డబ్బు, చూసేవాళ్లు వేలల్లో ఉంటే తప్ప లెక్కలోకి రాదు. చివరికి చెల్లించేది ఇళ్ల బ్రోకర్లు, సెకండ్ హ్యాండ్ బండ్ల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు, కోచింగ్ సెంటర్ల వాళ్లు. వాళ్లయినా తమ ఫోన్ మోగితేనే ఇస్తారు. అక్కడిదాకా రావడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. ఇంటర్ పిల్లలు కూడా ‘ఫౌండర్’ అని ఇన్‌స్టాలో రాసుకుంటుంటే నాకు దిగులేస్తుంది. ఆ మాట వెనక రోజూ ఎంత చాకిరీ ఉంటుందో వాళ్లకెవరూ చెప్పడం లేదు.

ఆ చాకిరీ ఎలా ఉంటుందో చూడండి. బాడుగ ఇల్లు ఒకటి తీసుకుందాం. గేటు మీద ‘టు లెట్’ బోర్డు, కింద ఫోన్ నంబరు. మీవాడు ఆ ఓనరుకు ఫోన్ చేసి బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలది, ఎన్నో అంతస్తు, బోరు నీళ్లా కొళాయి నీళ్లా, బ్యాచిలర్లకు ఇస్తారా, నాన్‌వెజ్ వండుకోవచ్చా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అడగాలి. వెళ్లి ఫోటోలు తీయాలి. ఆ ఇల్లు వారంలో ఎవరో తీసుకుంటే, ఓనరు ఆ మాట చెప్పడు. నెల తర్వాత కూడా జనం ఫోన్ చేస్తూనే ఉంటారు. విసిగిపోయిన ఓనరు మీవాణ్ని తిడతాడు, వెతుక్కునేవాళ్లు మళ్లీ సైట్ తెరవరు. అందుకని వారానికొకసారి ప్రతి ఓనరుకూ ఫోన్ చేసి ‘అన్నా, ఇల్లు ఖాళీగానే ఉందా?’ అని అడిగి, లేకపోతే ఆ రోజే తీసేయాలి. వాట్సాప్ గ్రూపులో ఈ పని ఎవరూ చేయరు. మీవాడి సైట్‌కు ఎవరైనా వస్తే దీనికోసమే వస్తారు.

మోసాల సంగతి కూడా వాడితో మాట్లాడండి. కొంటానని చెప్పి, ‘ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకొస్తుంది’ అని అమ్మేవాళ్ల ఖాతా ఖాళీ చేసే ముఠాలు ఇలాంటి సైట్ల చుట్టూనే తిరుగుతాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న మాట ప్రతి ప్రకటన కిందా ఉండాలి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు కూడా ఉండాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు సైట్లో పెట్టాలి. ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌లు పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ కావాలి. మొదట్లో ఓటీపీలూ లాగిన్‌లూ ఏమీ వద్దు, వివరాలు కనుక్కుని ప్రకటన తనే ఎక్కిస్తే చాలు.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ బావమరిది కొడుకు ఉద్యోగం మీ అబ్బాయి గురించిన ప్రశ్నలో ఎందుకొచ్చింది? వాడి ముందు ఆ పేరు ఎన్నిసార్లు ఎత్తి ఉంటారో నేను ఊహించగలను. రేపు పెళ్లిలో ‘మీవాడేం చేస్తున్నాడు?’ అంటే ఏం చెప్పాలన్నది మీ టెన్షన్. దాన్ని వాడి భవిష్యత్తు మీద రుద్దకండి. బాధ్యత తీరిందనిపించుకోవడానికి మూడు లక్షలు చేతిలో పెట్టడమూ అంత తప్పే. మీరు అంగడి తెరిచిన రోజే గోడౌన్ కట్టించారా? వీధిలో ఎవరేం కొంటారో చూసుకుని సరుకు పెంచుకున్నారు. వాణ్నీ అలాగే నేర్చుకోనివ్వండి.

నిజానికి వాడి చేతిలో చాలా సమయం ఉంది. బ్యాంకు ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పరీక్షల్లో క్లర్క్‌కు 28 ఏళ్ల వరకు, ఆఫీసర్‌కు (పీఓ) 30 ఏళ్ల వరకు వయసుంది. ఆరు నెలలు ఒక ప్రయత్నం చేసినంత మాత్రాన ఏ తలుపూ మూసుకోదు. అమెరికాలో పేరున్న క్లాసిఫైడ్స్ సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ కూడా 1995లో క్రెయిగ్ న్యూమార్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్నేహితులకు పంపిన ఈమెయిళ్లతోనే మొదలైంది. మొదట అదొక్క ఊరే. సైట్ నిలబడకపోయినా, కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడటం, గూగుల్‌లో కనిపించేలా రాయడం, లెక్కలు చూసుకోవడం వాడికి అబ్బుతాయి. ఈ పనులు తెలిసిన పిల్లలు డిజిటల్ మార్కెటింగ్ వైపు, సేల్స్ వైపు ఉద్యోగాలు వెతుక్కోగలరు. పొద్దున రెండు గంటలు అర్థమెటిక్, రీజనింగ్ చేసుకోమనండి, సాయంత్రం సైట్ పని. నంద్యాల కోచింగ్ ఆరు నెలల తర్వాత ఎక్కడికీ పోదు. ఏది మేలని అడిగారు కాబట్టి చెబుతున్నాను, రాబడి భరోసా వరకు చూస్తే బ్యాంకే మేలు. కానీ ఇష్టం లేకుండా కోచింగ్‌లో కూర్చున్న పిల్లలు రెండేళ్లకు ఏ ముఖంతో ఇంటికొస్తారో చాలాసార్లు చూశాను.

వాడికి నా మాటగా చెప్పండి: రాయలసీమ వద్దు, బండ్లు వద్దు, ఉద్యోగాలు వద్దు. అనంతపురంలో బాడుగ ఇళ్లు, గదులు మాత్రమే. జేఎన్‌టీయూ, ఎస్కే యూనివర్సిటీ పిల్లలు ప్రతి ఏడాదీ గదుల కోసం తిరుగుతారు. వాళ్లకు పనికొచ్చేలా రామ్‌నగర్, సాయినగర్ లాంటి రెండు మూడు పేటలు పట్టుకోమనండి. మొదట యాభై ఇళ్లు తనే నడిచి తెచ్చుకోవాలి. మీ అంగడికి సరుకుల కోసం వచ్చేవాళ్లలో ఇంటి ఓనర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఈ వారంలోనే వాణ్ని పక్కన నిలబెట్టుకుని, ‘మా అబ్బాయి, ఇళ్ల ప్రకటనలు పెడుతున్నాడు, పైసా తీసుకోడు’ అని వాళ్లకు పరిచయం చేయండి.